పండుగనాటి ఆట: క్రిస్మసు పాంటోమైమును, మన సురభియు

పండుగ యనగానే మనకు ముందుగా జ్ఞాపకము వచ్చునవి మూడు: క్రొత్తబట్ట, పిండివంట, ఇంటికి వచ్చిన చుట్టము. నాలుగవది యొకటి కలదు గాని దానిని మన మంతగా లెక్కింపము. అది పండుగనాటి ఆట. తాత మొదలు మనుమని వరకు ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి, ఒకే మాటకు నవ్వి, ఒకే ఘట్టమున ఊపిరి బిగబట్టి చూచు నాటకము. రాజుల యుద్ధములను గూర్చియు, సంధులను గూర్చియు చరిత్రకారులు పెద్ద గ్రంథములు వ్రాసిరి. పండుగనాటి ఆటను మాత్రము పిల్లల వినోదమని ప్రక్కకు నెట్టిరి. కాని ఒక జాతివారు తమ సంసారములను ఎట్లు నడుపుకొనిరో, పెద్దలును పిన్నలును కలిసి దేనిని చూచి సంతోషించిరో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము అరుదు.

అట్టి ఆటలు రెండింటిని గూర్చి ఇచ్చట ముచ్చటింప దలచితిమి. ఒకటి ఇంగ్లండు దేశమున క్రిస్మసు దినములలో ఆడు పాంటోమైము. రెండవది మన తెలుగునాట సురభివారి నాటకము. మొదటిదానికి మూడువందల యేండ్ల చరిత్ర కలదు; రెండవది 1885లో పుట్టినది. రెండింటికిని పోలికలు మెండు. రెండింటను మాయలు, మంత్రములు, గాలిలో తేలు మనుష్యులు, రెండింటను వేషమార్పులు, రెండింటికిని ప్రేక్షకులు కుటుంబములుగా వచ్చుట. అయినను మొదటిది ఇప్పటికిని ప్రతి శీతకాలమున అచ్చటి ఊరూర ఆడుచున్నది. రెండవది వ్రేళ్లపై లెక్కింపదగిన బృందములతో నెట్టుకొని వచ్చుచున్నది. ఇట్లేల జరిగినది?

ఈ ప్రశ్నను విశాఖపట్టణమున కూర్చుండి ఆలోచించుటకు కారణము లేకపోలేదు. రేవుపట్టణములకు ఒక గుణము కలదు. పరదేశపు పండుగ అచ్చట చిరకాలము పరాయిదిగా నుండదు. ఇచ్చట 17వ శతాబ్దపు చివరిభాగమున ఆంగ్లవర్తకులు తమ వర్తకస్థానమును నెలకొల్పిరి. 1805లో లండన్ మిషనరీ సంఘమునకు చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ అను ఇరువురు ఈ ఊరికి వచ్చి, తెలుగు నేర్చి, బైబిలును తెనుగు చేయుటకు పూనుకొనిరి. రేవుముఖమున నేటికిని మూడు కొండలు ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. ఒకదానిపై మేరీమాత గుడి, ఒకదానిపై ఇసాక్ మదీనా దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల. 1933లో రేవు తెరువబడినది. 1941లో ఓడల నిర్మాణశాలకు, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపనలు జరిగినవి. వానితో నలుదిక్కులనుండి కుటుంబములు ఈ పట్టణమునకు వచ్చి చేరినవి. డిసెంబరు నెలలో పాతపట్టణపు వీథులలో నడచినచో ఒక ఇంటి చూరున కాగితపు నక్షత్రము వ్రేలాడుచుండును. ఆ వీథిలోనే మరియొక వాకిట ధనుర్మాసపు ముగ్గును, ముగ్గునడుమ గొబ్బెమ్మయు కనబడును. నక్షత్రమును దింపిన కొలది దినములకే సంక్రాంతి వచ్చును. ఇట్టి ఊరిలో క్రిస్మసు నాటకమును, మన పౌరాణిక నాటకమును ఒకే త్రాసులో పెట్టి చూచుట వింత గాదు.

'పాంటోమైము' అను మాట చాల పాతది. రోమకసామ్రాజ్యపు దినములలో ముఖమునకు బొమ్మముసుగు తగిలించుకొని, నోట మాట లేకుండ, ఒక్కడే కథలోని పాత్రలనన్నిటిని నర్తించి చూపు నటునకు ఆ పేరుండెను. కథను గాయకులు పాడుచుండెడివారు. కూచిపూడివారి అభినయము నెరిగిన మనకు ఈ పద్ధతి సులభముగా బోధపడును. 1717లో లండనునందలి డ్రూరీ లేన్ నాటకశాలలో జాన్ వీవర్ అను నాట్యాచార్యుడు ఆ ప్రాచీనపద్ధతిని అనుసరించుచున్నానని చెప్పి, నృత్యముతోనే నడచు నాటకము నొకదానిని ఆడించెను. ఆ కాలముననే జాన్ రిచ్ అను మరియొక నాటకశాలాధిపతి, ఇటలీదేశపు హాస్యనాటకములనుండి హార్లెక్విన్ అను కొంటెపాత్రను గైకొని, తానే ధరించి, జనులను వెఱ్ఱెత్తించెను.

హార్లెక్విన్ చేతిలో ఒక చెక్కబద్ద యుండును. రెండు పలుచని పలకలు కలిపి చేసిన ఆ బద్దతో దేనినైన తట్టినచో 'ఛటేల్'మని పెద్దచప్పుడు వచ్చును గాని దెబ్బ తగులదు. ప్రేక్షకులకు అది మంత్రదండము. తెరవెనుకనున్న పనివాండ్రకు మాత్రము అది సంజ్ఞ. ఆ చప్పుడు వినగానే వారు త్రాళ్లు లాగుదురు, పలకలు త్రిప్పుదురు. గుడిసె మేడయగును, అడవి అంతఃపురమగును. పాంటోమైమునకు ప్రాణమనదగిన రూపాంతరదృశ్యము ఇట్లు పుట్టినది. దానివెనుక నున్నది మంత్రము గాదు. వడ్రంగులు, త్రాళ్లు లాగువారు, దీపములు పట్టువారు.

ఆ నాటకమునకు హాస్యపు జీవము పోసినవాడు జోసెఫ్ గ్రిమాల్డి. ఇతడు 1778లో జన్మించెను. తండ్రియు రంగస్థలమునకు చెందినవాడే. మూడేండ్లు నిండకముందే ఈ బాలుడు రంగమెక్కెను. 1806 డిసెంబరు 29న కోవెంట్ గార్డెన్ నాటకశాలలో మొదలైన 'మదర్ గూస్' అను పాంటోమైములో విదూషకవేషము ధరించి లండను నగరమును నవ్వులలో ముంచెను. ముఖమునకు తెల్లరంగు, చెక్కిళ్లపై ఎఱ్ఱగుర్తులు పెట్టుకొను నేటి సర్కసు విదూషకుడు ఇతనికి ఋణపడియున్నాడు. ప్రతిరాత్రియు పల్టీలు కొట్టి, పడి, లేచి నవ్వించిన ఆ దేహము నడివయసుననే కీళ్లు పట్టి పనికిరాకపోయెను. 1828లో జరిగిన వీడ్కోలు ప్రదర్శనమున కుర్చీలో కూర్చుండియే నటించి సెలవు పుచ్చుకొనెను. ఇతడు 1837లో మరణింపగా, మరుసటియేడు చార్లెస్ డికెన్సు ఇతని జీవితస్మృతులను సంస్కరించి వెలువరించెను. నవ్వించు విద్యకు నటుడు చెల్లించు వెల యెంతయో ఆ జీవితము చెప్పుచున్నది.

1843లో ఇంగ్లండున నాటకశాలల శాసనము మారినది. అంతవరకు లండనులో మాటలతో గూడిన నాటకమాడు హక్కు కొద్ది నాటకశాలలకే యుండెను. ఆ కట్టుబాటు తొలగుటతో పాంటోమైములోనికి సంభాషణలు, శ్లేషలు, ఊరిసంగతులపై ఎత్తిపొడుపులు వరదవలె వచ్చిపడినవి. సిండరెల్లా, అల్లాఉద్దీన్ వంటి కథలు స్థిరపడినవి. 1861లో హెచ్. జె. బైరన్ వ్రాసిన అల్లాఉద్దీన్ నాటకమున నాయకుని తల్లికి ట్వాంకీ యని పేరు పెట్టెను. అది చీనాదేశమునుండి దిగుమతియైన యొక తేయాకు రకము పేరు! ఆ ముసలితల్లి వేషమును మగవాడే ధరించును. దానిని 'డేమ్' అందురు. డాన్ లీనో అను సుప్రసిద్ధ హాస్యనటుడు 1888 మొదలు డ్రూరీ లేన్‌లో ఈ వేషములతో పేరుగాంచెను. కథానాయకుని వేషము మాత్రము యువతి ధరించుట ఆచారమైనది. తల్లి మగవాడు, కొడుకు ఆడపిల్ల: ఈ తలక్రిందుల లోకమే పిల్లలకు పరమానందము.

ఈ సందర్భమున ఒక విశేషము గమనింపదగినది. క్రిస్మసు నాటకమని పేరేగాని, ఇందులో క్రీస్తుజననపు కథ యుండదు. అల్లాఉద్దీను కథ అరబ్బుల కథాసంపుటితో గలిసి ఐరోపాకు చేరినది, సిండరెల్లా పాతజానపదకథ. పండుగకును కథకును గల సంబంధము తిథిసంబంధము మాత్రమే. మొదటిలో పాంటోమైములు సంవత్సరమున ఇతర సమయములందును ఆడుచుండెడివి. క్రమముగా అవి క్రిస్మసు మరునాటికి, అనగా డిసెంబరు 26కు, వచ్చి స్థిరపడినవి. ఆ దినమును బాక్సింగ్ డే యందురు. 1871లో చేసిన బ్యాంకుసెలవుల శాసనముచే ఇంగ్లండున ఆనాడు సెలవుదినమైనది. పనివాడు, గుమాస్తా, దుకాణదారు, అందరును పిల్లలను వెంటబెట్టుకొని నాటకశాలకు పోగల దినము దొరకినది. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము. దీనితో మాకు ముందు పని కలదు.

ఇక మన సురభి. కడప జిల్లాలో సురభి యను చిన్నగ్రామము కలదు. 1885లో అచ్చట 'కీచకవధ' నాటకము నాడినవారు వనారస వంశీయులు. వీరి పెద్దలు తోలుబొమ్మలాట ఆడువారు. దీపము వెలుగున, తెల్లని తెరవెనుక, రంగుల తోలుబొమ్మలతో రామాయణ భారతములను పల్లెపల్లెకు అందించిన కుటుంబములు. బొమ్మల నాడించుచు పద్యము పాడుట, నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అను హాస్యపాత్రలచే నవ్వించుట వారికి వంశవిద్య. గ్రిమాల్డి విదూషకునకు మన కేతిగాడు జ్ఞాతియే యని చెప్పవచ్చును. బంగారక్కతో వాని జగడములకు పగలబడి నవ్విన పల్లెపిల్లకు పాంటోమైములోని 'డేమ్' క్రొత్త గాదు. అట్టివారు తెరవెనుకనుండి తెరముందునకు వచ్చి, బొమ్మలకు బదులు తామే వేషములు ధరించుటతో సురభి మొదలైనది. వనారస గోవిందరావుగారి నాయకత్వమున అది నాటకసమాజముగా రూపొందినది. కొడుకులు, కూతుండ్రు, అల్లుండ్రు వేరుపడినప్పుడెల్ల ఒక క్రొత్తబృందము ఏర్పడెడిది. ఇట్లు ఆ వంశవృక్షమే నాటకవృక్షమై, ముప్పదికి పైబడిన శాఖలతో ఒకప్పుడు తెలుగుదేశమంతట విస్తరించినది.

సురభివారి మాయాదృశ్యములకును, పాంటోమైమునకును నడుమ ఒక దూరపు చుట్టరికము కూడ కలదు. 19వ శతాబ్దమున బొంబాయిలో పార్సీ నాటకసంఘములు ఆంగ్లరంగస్థలమునుండి చిత్రించిన తెరలను, నేలలోనుండి పైకిలేచు తలుపులను, మనుష్యులను గాలిలో తేల్చు యంత్రములను గ్రహించినవి. ఆ సంఘముల ప్రభావము దేశమంతట ప్రసరించినది. తెలుగు నాటకము కన్నులు తెరచిన దినములవి. పరదేశపు యంత్రమునకు మన పురాణకథ తగిలినది. లండనులో హార్లెక్విన్ బద్దకు లేచిన మేడ, మన వేదికపై మయసభగా లేచినది.

స్త్రీపాత్రలను పురుషులే ధరించు కాలమున సురభికుటుంబపు స్త్రీలు వేదిక యెక్కిరి. ఇతర సమాజములలో స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు సత్యభామవేషమున దేశమును మోహపెట్టుచుండిరి. ఆయనను 1956లో పద్మశ్రీ వరించినది. సురభిలోనన్ననో అత్తయు, కోడలును, మనుమరాలును ఒకే నాటకమున నటించువారు. స్త్రీలు పురుషపాత్రలు ధరించుటయు కలదు. నాటకమాడువారు కుటుంబమగుటచేత, చూచువారును కుటుంబములుగా సంకోచము లేక వచ్చిరని మా యభిప్రాయము. ఆనాడు మర్యాదగల యిండ్ల స్త్రీలు నాటకమునకు పోవుట సామాన్యమైన సంగతి గాదు. 1932లో వెలువడిన తొలి తెలుగు వాక్చిత్రము 'భక్తప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ వంశమునకు చెందినదే.

మా మిత్రులొకరు ఇంగ్లండున పెక్కేండ్లు ఉద్యోగము చేసి, విశ్రాంతి పుచ్చుకొని, విశాఖపట్టణమున స్థిరపడిరి. ఒక డిసెంబరు నెలలో సురభివారు ఈ ఊరికి వచ్చి 'మాయాబజారు' ఆడుచుండగా మేమును వారును, మా యిండ్ల పిల్లలతో గూడ, చూడబోయితిమి. పిల్లలకు నాటకమన్నచో బడివార్షికోత్సవము తప్ప మరియొకటి తెలియదు. తెర లేచిన గడియకే వారు మా చేతులు విడిచి ముందువరుసల యంచునకు జరిగిరి. పొగనడుమనుండి ఘటోత్కచుడు ఊడిపడినప్పుడు చిన్నది కన్నులు మూసికొన్నది గాని, వ్రేళ్లసందున చూచుట మానలేదు. బాణములు గాలిలో ఒకదానినొకటి ఢీకొని నిప్పురవ్వలు రాల్చినవి. విందుఘట్టమున లడ్డూలు పళ్లెమునుండి లేచి తమంత తామే ఘటోత్కచుని నోటిలోనికి పోయినవి. సన్నని నల్లదారములు, కప్పీలు, తెరవెనుక అదనెరిగి లాగు చేతులు దీనికి కారణమని పెద్దలకు తెలియును. తెలిసినను చప్పట్లు కొట్టినవారిలో మొదటివారు పెద్దలే.

విరామమున మా మిత్రులనిరి: “ఏమండీ, లండనులో మేము ఏటేట పిల్లలతో చూచినది ఇదేనండీ. అక్కడ దొంగవాడు నాయకుని వెనుకకు నక్కినక్కి వచ్చినప్పుడు పిల్లలందరూ లేచి 'నీ వెనుకనే ఉన్నాడు' అని అరుస్తారు. మన పిల్లలూ ఇందాక శశిరేఖకు హెచ్చరిక చెప్పబోయిరి, చూచితిరా?” మాకు తట్టిన పోలిక మరియొకటి. మాయాశశిరేఖ ఘట్టమున నటి ఒక చిక్కుపని చేయవలెను. చూచుటకు ఆమె సుకుమారియైన పెండ్లికూతురు. లోపల నున్నది రాక్షసుడు. నడకలో, చూపులో, నవ్వులో అప్పుడప్పుడు ఘటోత్కచుడు పైకి రావలెను, వెంటనే అణగవలెను. పాంటోమైములో మగవాడు ఆడవేషమున నవ్వించును. ఇచ్చట ఆడది, ఆడవేషములో దాగిన మగవానిగా నవ్వించును. ఇంతటి హాస్యము వ్యాసభారతమున లేదు. ఈ కథయే అందులో లేదు. ఇది జనులు తమ పండుగలకొరకు కల్పించుకొన్న కథ. 1957లో చలనచిత్రముగా వచ్చి ఇంటింటికిని తెలిసినదైనను, వేదికపై దాని రుచి వేరు.

ఆట ముగిసినది. తిరిగి వచ్చుచుండగా చిన్నది అడిగినది: “తాతయ్యా, వీళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారు?” మా మిత్రులు మావంక చూచిరి, మేము వారివంక చూచితిమి. సమాధానము చెప్పగలవారు మాలో లేరు. లండనులో పిల్ల యీ ప్రశ్న వేయదు. వచ్చే క్రిస్మసుకని దానికి తెలియును. ఈ రెండాటల అదృష్టములకును గల భేదము ఈ యొక్క ప్రశ్నలో నున్నదని మాకు తోచినది.

సురభి క్షీణతకు సాధారణముగా చెప్పు కారణము చలనచిత్రము. అది నిజమే, 1932 తరువాత ప్రేక్షకులతోపాటు నటులును అటు మరలిరి. తరువాత దూరదర్శనము వచ్చినది. కాని చలనచిత్రము ఇంగ్లండున లేదా? అచ్చట దూరదర్శనము మనకంటె ముందే యింటింట వెలసినది. అయినను పాంటోమైము నిలిచినది. రెండవ కారణముగా ఆదరణలోపమును చెప్పుదురు. ఆదరణ పూర్తిగా లేకపోలేదు. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారిని, అనగా సురభి బాబ్జీగారిని, 2013లో పద్మశ్రీతో గౌరవించిరి. ఆ యేడే ఆ బృందము ఫ్రాన్సుదేశమునకు పోయి ప్రదర్శనములిచ్చినది. హైదరాబాదు దాపున లింగంపల్లిలో సురభివారి కాలనీ వెలసినది. 2022లో బాబ్జీగారు కీర్తిశేషులైరి. బిరుదములు వచ్చినవి, సన్మానములు జరిగినవి. లేనిది తిథి.

సురభివారి జీవనము సంచారజీవనము. తెరలు, కిరీటములు, గదలు, వంటపాత్రలు, పసిపిల్లలు, అన్నియు బండ్లపై వేసికొని ఒక ఊరు చేరుట. పందిరి వేసి, జనము వచ్చినన్నాళ్లు రోజున కొక నాటకము చొప్పున ఆడుట. జనము పలుచనైనపుడు మరియొక ఊరికి తరలుట. వేరు వినోదము లేని దినములలో ఇదియే లాభకరమైన పద్ధతి. సురభి వచ్చిననాడే ఆ ఊరికి పండుగ. కాని ప్రతిదినము తెరచియుండు సినిమాహాలు ఊరిలో లేచిన తరువాత, ఎన్నడు వచ్చునో తెలియని నాటకముకొరకు కాచుకొని యుండువారు తగ్గిరి. తిథి తెలియని చుట్టమునకు వంట సిద్ధముగా నుండదు గదా! ఇందులో సురభివారి దోషము లేదు. అట్టి తిథిని ఏర్పరచుట నటుని వలన కాదు. అది ఊరు చేయవలసిన పని.

ఈ మాటకు దృష్టాంతము విశాఖకు దాపుననే కలదు. విజయనగరమున పైడితల్లి యమ్మవారి సిరిమానోత్సవము విజయదశమి వెనుక వచ్చు మంగళవారమున జరుగును. మింటికి లేచిన మానుకొనయందు పూజారి కూర్చుండి యూరేగుట, ముందు పాలధార, తెల్లయేనుగు, అంజలిరథము, బెస్తవారి వల సాగుట: దృశ్యమునకు ఏ నాటకశాలయు దీనికి సాటి రాదు. ఉత్తరాంధ్రపు పల్లెలనుండి కుటుంబములు తరలివచ్చును. ఇది దేవతోత్సవము గనుక నిలిచినదని కొంద రనవచ్చును. భక్తి ప్రధానమే. కాని ఆ మంగళవారము ఏదియో చంటిపిల్లకు కూడ తెలియుటయు కారణమే. కూలివాడు ఆనాటికి పైకము కూడబెట్టును. ఆడపడుచు ఆనాటికి పుట్టింటికి వచ్చును. పండుగ నిలుచుటకు కావలసిన నేర్పాటు నంతయు తిథియే చేసిపెట్టును.

మరియొక దృష్టాంతము రేడియో గల యిండ్లవారికి వేరుగా చెప్ప నక్కరలేదు. మదరాసునుండి 1938లో తెలుగు ప్రసారములు మొదలైనవి. విజయవాడ కేంద్రము 1948లోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను వెలసినవి. రేడియోనాటకమునకు తెరలు లేవు, కిరీటములు లేవు, నిప్పురవ్వలు లేవు. అయినను ఆ వేళకు గృహిణి వంటపని ముగించుకొని వచ్చి కూర్చుండెడిది. రేడియో లేని ప్రక్కయింటివారు గుమ్మముకడ నిలుచుండెడివారు. పిల్లలు చప్పుడు చేసినచో తాత కసరెడివాడు. కనబడని నాటకమునకు ఇంటిల్లిపాదిని కూర్చినది యేది? నాటకపు గుణము కొంత. ముందుగా తెలిసిన వేళ కొంత. ఏనాడు ఏ ఘడియకు వచ్చునో కార్యక్రమపత్రికలో చూచి, గుర్తు పెట్టుకొని, కాచుకొనుటయే ఆ యానందములో సగపాలు.

మా మిత్రులు దీనికి ఒక యాక్షేపణ చెప్పిరి: “తిథి ఒక్కటే చాలదు. అక్కడ పాంటోమైము దినములలో వచ్చిన రాబడితోనే యేడాది పొడుగునా నిలద్రొక్కుకొను నాటకశాలలు కలవు. ఇక్కడ అంతమంది టికెట్టు కొందురా?” ఈ మాట త్రోసివేయదగినది గాదు. కాని రాబడి తిథికి ముందు రాలేదు; తిథి వెనుక వచ్చినది. ఏటేట నమ్మకముగా జరుగునని తెలిసిన పిమ్మటనే తండ్రి టికెట్టుకు పైకము ప్రక్కన పెట్టును, బడివారు పిల్లలను తీసికొనిరాగలరు, వర్తకుడు ప్రకటన ఇచ్చును, నటుని కుమారుడు ఈ వృత్తిలో నిలుచుటకు ధైర్యము చేయును. చివరిది ముఖ్యము. లడ్డూను దారముతో నోటికి పంపు నేర్పును, చీకటిలో అదనెరిగి కప్పీ లాగు నేర్పును గ్రంథములలో వ్రాసిపెట్టుటకు వీలులేదు. తండ్రి ప్రక్కను నిలుచుండి కొడుకు నేర్వవలెను. ఒక తరము మానినచో ఆ విద్య బొమ్మలపెట్టెతో సహా మూతపడును.

విశాఖపట్టణమునకు దీనిలో చేయదగినది కలదు. నాటకమునకు ఈ ఊరు క్రొత్తది గాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఆరుబయలు రంగస్థలము కలదు. అబ్బూరి రామకృష్ణారావుగారు, కె. వి. గోపాలస్వామిగారు విశ్వవిద్యాలయమున నుండి నాటకప్రయోగములకు దోహదము చేసిరి. ఇప్పుడు ప్రేక్షాగృహములు కలవు, బడులు కలవు, రేవు, ఓడలశాల, ఉక్కునగరములలో వేలకొలది కుటుంబములు కలవు. డిసెంబరు 25కును సంక్రాంతికిని నడుమ ఇరువది దినములు. ఈ యిరువది దినములలో ఒక వారము సురభివారిదని ఊరు నిర్ణయించుకొన్నచో చాలును. ఆ వారము ఏటికేడు మారరాదు. కథ మాయాబజారు కావచ్చును, పాతాళభైరవి కావచ్చును. గుహ, మాంత్రికుడు, కోరినదిచ్చు మహిమ గల ఈ రెండవ కథను చూచినచో లండను పిల్లలు తమ అల్లాఉద్దీనునకు చుట్టమని గుర్తుపట్టుదురు. మూడు కొండల నీడలోని మూడు మతముల పిల్లలును ఒకే వరుసలో కూర్చుండి చూడదగిన కథలివి. పాంటోమైము కథ క్రీస్తుకథ కానట్లే, ఈ వారమును ఏ యొక్కరిదియు కానక్కరలేదు.

ఒక నాటకకళను కాపాడుటయన్నచో పెద్ద భవనములు కట్టవలెనని, పెద్ద మొత్తములు మంజూరు చేయవలెనని మనము తలచుచుందుము. అవియు కావలసినవే. వానికంటె ముందు పంచాంగమున ఒక గడి కావలెను. ఇంగ్లండుదేశపు పాంటోమైము మనకు చెప్పు పాఠ మిదియే: జనులు ప్రేమించిన ఆటకు పండుగలో చోటిచ్చినచో అది శతాబ్దములు నడచును. అట్టి చోటు దొరకిననాడు “వీళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారు?” అను ప్రశ్నకు ఈ ఊరి పెద్దలందరును తడుముకొనక సమాధానము చెప్పగలరు. తెరవెనుక త్రాడు పట్టుకొని నిలిచిన ఆ నటులకు ఊరు ఈయగల బహుమానములలో ఇంతకు మించినది మాకు కానరాదు.